పవర్‌హౌస్‌లో మామకు నల్ల చీటీ, నాకు ఎర్ర చీటీ

తలకి ఇంత లావు కట్టు, మెడలో ఎర్ర చీటీ, కాళ్ళకి చెప్పుల్లేవు. ఒంటి మీద మాత్రం ఒక్క గీత కూడా లేదు. ఈ వేషంలో ఒక మనిషి డ్యామ్ రోడ్డు మీద ఏడుస్తా పరిగెత్తినాడంటే నమ్ముతారా? పోయిన వారం పరిగెత్తినాడు. ఆ మనిషిని నేనే. నవ్వితే నవ్వండి గానీ ముందు టీ చెప్పండి, గొంతు తడవకుండా ఇది చెప్పడం నా వల్ల కాదు.

అసలు సంగతి మా మామది. మామంటే నా భార్య సుజాత వాళ్ళ నాయన, మునిరత్నం. పాకాల పక్క లైన్‌మన్‌గా చేసి రిటైరయినాడు. బతుకంతా స్తంభాలెక్కడంతోనే సరిపోయింది ఆయనకు. గాలొచ్చినా, వానొచ్చినా ఆయన్నే పిలిచేవాళ్ళు. ఒకసారి డిపార్ట్‌మెంట్ వాళ్ళు స్టాఫునంతా బస్సులో ఒక జలవిద్యుత్ కేంద్రం చూపించడానికి తీసుకుపోయినారంట. సరిగ్గా బస్సు బయల్దేరే పొద్దుకే గాలీవానా కొట్టి లైన్లన్నీ తెగి పడినాయి. అందరూ బస్సెక్కినారు, మామ స్తంభమెక్కినాడు.

పోయినోళ్ళు తిరిగొచ్చి ఏండ్ల తరబడి ఆ మిషన్ల గురించే చెప్తా ఉన్నారు. ఒక్కొక్కటి ఇల్లంత ఉంటుందంట, అది తిరిగేటప్పుడు కాళ్ళ కింద నేల వణుకుతుందంట. మామ వింటా ఉండిపోయినాడు. ఆయన అదే పనిగా అడిగే మనిషి కాదు. ఎప్పుడో ఒకసారి, సంగటి తింటా తింటా, ఉన్నట్టుండి అంటాడు.

"నేను సూసిందంతా కరెంటు కొసే అల్లుడా. దాని మొదులు యాడుండాదో ఒక్కసారి సూడల్ల."

ఈ ఏడాది ఆయన మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టినాయి. ఇంకా ఆలస్యం చేస్తే మెట్లు దిగలేడని సుజాతకు బెంగ పట్టుకుంది. నేను చూపిస్తాను పద అని మాటిచ్చేసినాను. మాటివ్వడానికి నాకు ఏ కష్టమూ లేదు, లాడ్జీలో రోజూ చేసే పనే అది.

నా ఉద్యోగం మీకు తెలుసు గదా. తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జీలో రిసెప్షన్. రూమ్ తాళాలివ్వడం పేరుకే. అసలు పని లైన్లు చెప్పడం. ఏ దర్శనానికి ఏ లైను, టోకెన్ ఎక్కడిస్తారు, ఫోను ఎక్కడ పెట్టాలి, ఎన్ని గంటలకు పోతే ఎప్పుడు బయటపడతారు, అన్నీ నోటికొచ్చు. నన్నడిగి పోయినోళ్ళెవరూ తప్పు లైన్లో నిలబడలేదు. ఈ విషయంలో నాకు కొంచెం పొగరు కూడా ఉందనుకోండి. ఎక్కువ మంది ఏ లైన్లో ఉంటే అసలైన దర్శనం ఆ లైన్లోనే ఉంటుందనేది నా లెక్క. ఇంకో లెక్క కూడా ఉంది. ఎవర్నీ అడగకూడదు. అడిగితే మనకు తెలీదని తెలిసిపోతుంది. తెలిసిపోతే పక్కకు తోసేస్తారు.

ఏ డ్యామో పేరు చెప్పను, ఆడ నా పరువు రవ్వంత మిగిలుండాది. మన జిల్లాలో కాదు, చానా దూరం. ముందు రోజే కారులో పోయి సత్రంలో దిగినాం. మామ ఆ రాత్రి ఇస్త్రీ చొక్కా తీసి కొక్కేనికి తగిలించుకుని పడుకున్నాడు. పొద్దన్నే లేచి చూస్తే ఆయన అప్పటికే స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, వాకిట్లో చెప్పులేసుకుని నిలబడున్నాడు. పెళ్ళికి కూడా మనిషి అంత తయారుగా ఉండడు.

పవర్‌హౌస్ దగ్గరికి పోతే రెండు గేట్లున్నాయి. ఒక గేటు దగ్గర ఒకే ఒక సెక్యూరిటీ మనిషి, ఒక బోర్డు. లోపలికి పోయేవాడు ఒక్కడూ లేడు. రెండో గేటు దగ్గర పెద్ద లైను. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలోళ్ళు, అందరూ ఓపిగ్గా నిలబడున్నారు. నేను ఆలోచించను కూడా లేదు. కారు లాక్ చేసి సీదా లైన్లోకి నడిచినాను.

ఆ ఖాళీ గేటు దగ్గరున్న అతన్ని ఒక మాట అడుగుదామంది సుజాత. బోర్డు కూడా చదువుదామంది.

"గమ్మునుండు. లైన్ల గురించి నువ్వు నాకు చెప్తావా?" అన్నాను. ఆ మాట ఇప్పటికి ఎన్నిసార్లు నాకు తిరిగొచ్చిందో దేవుడికే తెలుసు.

లైన్లో మా ముందర ఒకామె ఉంది, మాటకారి. మీరు ఏ కాలనీ అని అడిగింది. తిరుపతి అన్నాను. ఆమె నోరు తెరిచి, అంత దూరం నుంచి దీనికోసమే వచ్చినారా అని ఆశ్చర్యపోయింది. దీనికోసమే అని ఛాతీ విరిచి చెప్పినాను. "మీది పెద్ద మనసండీ," అంది ఆమె. పవర్‌హౌస్ చూడడానికి పెద్ద మనసెందుకో నాకు అర్థం కాలేదు గానీ, ఊరికే వచ్చిన మెప్పును ఎవరు కాదంటారు.

కాసేపటికి లైన్లోకి మజ్జిగ ప్యాకెట్లు వచ్చినాయి. ఆ తర్వాత ఒకబ్బాయి ట్రే పట్టుకొచ్చి ఫోన్లన్నీ తీసుకుని చీటీలిచ్చినాడు. నేను మామ వైపు తిరిగి చూసినారా అన్నట్టు తలూపినాను. లైన్లో మజ్జిగ, ఫోను డిపాజిట్, ఇంకేం కావాలి? కరెక్టు లైను అనడానికి ఇంతకన్నా రుజువు ఏ తిరుపతోడూ అడగడు.

చివర్లో ఒక టేబులు. టేబులు వెనక మెరిసే పట్టీల సేఫ్టీ కోటు వేసుకున్న ఒకమ్మాయి. మామ వైపు చూసి, పెద్దాయనా, మీరు చాలాసేపు ఒకేచోట ఉండాల్సొస్తుంది, పర్లేదా అనడిగింది. మామ నోరు తెరిచే లోపలే నేను అందుకున్నాను. "మేడం, మాది తిరుపతి. మేము ఎంతసేపయినా ఉంటాం." ఆ అమ్మాయి సంతోషపడి మామ మెడలో ఒక నల్ల చీటీ వేసింది. నన్ను చూసి, మీరు ఆగకుండా మాట్లాడగలరా అంది. నా ఉద్యోగమే అదమ్మా అన్నాను. నాకు ఎర్ర చీటీ పడింది. సుజాతను ఏమీ అడగలేదు. ఆమె మొహం చూస్తేనే అడగాలనిపించి ఉండదు. ఆమెకు పచ్చది.

మామ తన చీటీని తిప్పి తిప్పి చూసి, ఈ రంగులేంది అల్లుడా అన్నాడు. నాకు తెలీదని ఎట్లా చెప్తాను? పచ్చది సర్వదర్శనం మాదిరి అన్నాను. నల్లది సీనియర్ సిటిజన్లకు. ఎర్రది స్పెషల్ ఎంట్రీ. చీటీ మీద ఇంగ్లీషులో ఏదో రాసుంది. టోకెన్ మీద టైము తప్ప ఇంకేమీ చదివే అలవాటు మనకు లేదు గదా. టైము లేదని మాత్రం చూసుకున్నాను.

గేటు దగ్గర్నుంచి బస్సులో కిందున్న పవర్‌హౌస్‌కి దించినారు. మిషన్ల హాలు తలుపు దగ్గర నేను చెప్పులు విప్పినాను. ఎందుకు విప్పినానంటే ఏం చెప్పేది, లోపలికి పోయేటప్పుడు కాళ్ళు వాటంతటవే విప్పేస్తాయి. సుజాత విప్పింది, మామ విప్పినాడు. మా వెనకొచ్చినోళ్ళు కూడా మమ్మల్ని చూసి విప్పేసినారు. నల్ల చీటీలోళ్ళని ముందు లోపలికి పంపినారు. మామ వెనక్కి తిరిగి నా వైపు చూసినాడు. ఆ మొహంలో ఉన్న వెలుగు చూసి నాకు కడుపు నిండిపోయింది. పోనీలే, ఇన్నాళ్ళకు ఆయన మొదులు చూడబోతున్నాడు అనుకున్నాను.

నేను గడప దాటి ఒక్క అడుగు వేసినానో లేదో, ఇద్దరు నర్సమ్మలు చెరో పక్క చెయ్యి పట్టుకుని నన్ను తలుపు పక్కనున్న ఎర్ర చాప మీద పడుకోబెట్టినారు. ఒకమ్మాయి నా తలకి కట్టు కట్టడం మొదలుపెట్టింది. ఇంకో అమ్మాయి ఆ కట్టు మీద ఎర్ర రంగు పూసింది. అప్పుడే సైరన్ మోగింది. నా చెవుల పక్కనే మోగినట్టుంది.

"అమ్మా, ఇదేంది?" అన్నాను.

"మాక్ డ్రిల్లండీ. ప్రమాదం జరిగితే ఎట్లా కాపాడాలో ప్రాక్టీసు. మీకు తలకు దెబ్బ," అంది కట్టు కట్టే అమ్మాయి. ఊళ్ళోవాళ్ళు, కాలనీవాళ్ళు వాలంటీర్లుగా వచ్చినారంట. మా లైనంతా వాళ్ళే. అంటే మేము కరెంటు చూడడానికి రాలేదు, గాయపడడానికి వచ్చినాం. మరి నల్ల చీటీలోళ్ళు ఎవరని అడిగినాను. ఆ అమ్మాయి కట్టు ముడి వేస్తా వేస్తా చెప్పింది. "వాళ్ళు చనిపోయినవాళ్ళు. వాళ్ళని అందరికన్నా చివర్లో తీస్తారు."

పక్కనే పచ్చ చాప మీద కూర్చున్న సుజాత ఈ మాట విన్నది. ఆమె నా వైపు చూసిన చూపు నేను మీకు చెప్పలేను. "మా నాయన మెడలో సావు చీటీ ఏయించినావు గదయ్యా," అంది. గొంతు పెంచలేదు. పెంచుంటే బాగుండు, నాకు అంత భయమేసేది కాదు. ఆమె లేచి మామను తీసుకురావడానికి పోయింది. నాకు పడుకున్నచోటి నుంచి ఆమె నడుము దాకా కనిపించింది, తర్వాత అదీ కనిపించలేదు.

కాసేపటికి ఆమె ఒక్కతే తిరిగొచ్చింది. మామ రానన్నాడంట. హాలుకి ఆ చివర, తిరిగే మిషన్ పక్కనే ఆయన చాప పడిందంట. వెల్లకిలా పడుకుని, అరచెయ్యి నేలకు ఆనించి, ఆ వణుకు చూసుకుంటా ఉన్నాడంట. "సచ్చినోణ్ణి యాడన్నా లేపుతారా? పోమ్మా, గమ్మున పండుకోనీ," అన్నాడంట కూతురితో. సుజాత నవ్వాలో ఏడవాలో తెలీక పచ్చ చాప మీద కూలబడింది.

పోనీ, ఆయన చూసేస్తున్నాడు గదా, నేను కూడా లేచి ఒక్క చూపు చూసొస్తాను అనుకుని తల ఎత్తినాను. నలుగురు కుర్రాళ్ళు స్ట్రెచర్ పట్టుకుని పరిగెత్తుకుంటా వచ్చి నన్ను ఎత్తేసినారు. నేను ఆ హాల్లో చూసిందేమిటో చెప్తాను, వినండి. పైకప్పు. పైకప్పు కింద ఒక పెద్ద పసుప్పచ్చ క్రేను. ఆ తర్వాత ఒక కుర్రాడి గడ్డం. అంతే. ఇల్లంత మిషన్లు నాకు నాలుగు అడుగుల దూరంలో ఉన్నాయంట, అందరూ చెప్తున్నారు.

అంబులెన్సులో ఎక్కించినారు. నేను మర్యాదగా చెప్పినాను. బాబూ, నాకేం కాలేదు, నేను తిరుపతి లాడ్జీలో పని చేస్తాను, మా మామకు పవర్‌హౌస్ చూపించడానికి వచ్చినాను, పొరపాటున లైన్లో నిలబడినాను, నన్ను దింపేయండి. లోపలున్న డాక్టరుగారు కళ్ళు పెద్దవి చేసి విన్నారు. "అద్భుతమండీ," అన్నారు. తలకు దెబ్బ తగిలినోడు పొంతన లేకుండా మాట్లాడాలంట, నా చీటీ మీద అదే రాసుందంట. ఇంతవరకు ఏ డ్రిల్లులోనూ ఎవరూ ఇంత సహజంగా చెయ్యలేదన్నారు. నేను ఎంత గట్టిగా నిజం చెప్తే అంత మెచ్చుకుంటున్నారు. చివరికి నోరు మూసుకున్నాను. స్పృహ పోయిందని సెలైన్ బాటిల్ తీసినారు. మళ్ళీ మాట్లాడినాను.

బండి ఘాట్ రోడ్డు సగం ఎక్కిందో లేదో డాక్టరుగారి వాకీటాకీ గరగరమంది. ఆయన మొహం మారిపోయింది. డ్రైవరుకి బండి ఆపమన్నారు. మిషన్ల హాల్లో నిజం కేసంట. చనిపోయినట్టు పడుకున్న ఒక పెద్దాయన, ఎత్తబోతే కదల్లేదంట. మీరు దిగండి, మేము వెనక్కి పోవాలి అన్నారు నాతో. ఏ పెద్దాయన అని అడిగినాను. తిరుపతి నుంచి వచ్చినాయనంట అన్నారు.

నన్ను కూడా తీసుకుపోండి అనే లోపలే తలుపు మూసుకుంది. బండి తిరిగి, సైరన్ వేసుకుని కిందికి పోయింది. ఈసారి ఆ సైరన్ నిజం.

నవ్వకండి, ఇక్కడొక నిమిషం నవ్వకండి. ఆ రోడ్డు మీద నేను ఒంటరిగా నిలబడినాను. ఎంతసేపయినా ఉంటామని ఆయన తరఫున చెప్పింది నేను. సీనియర్ సిటిజన్ చీటీ అని నమ్మించింది నేను. సుజాతకు మొహం ఎట్లా చూపించాలి? ఆయనకు ఒక్క మిషన్ చూపిస్తానని తీసుకొచ్చి... ఇంక ఆలోచించలేకపోయినాను. లగెత్తినాను. ఎండకు తారు కాలతా ఉంది, కాళ్ళకి చెప్పుల్లేవు, ఏడుపు ఆగడం లేదు.

మలుపు దగ్గర డ్రిల్లు కోసం ఇద్దరు వాలంటీర్లను నిలబెట్టినారు. తలకి రక్తం కట్టుతో ఏడుస్తా పరిగెత్తే మనిషిని చూసి వాళ్ళకు ఉత్సాహం వచ్చేసింది. "పేషంటు పారిపోతున్నాడు, పట్టుకోండి" అని నా వెనక పడినారు. నేను ఆగకుండా పోతున్నాను. వాళ్ళు ఆగకుండా వస్తున్నారు. ఒకడు నా చొక్కా పట్టుకుని, అన్నా, కదిలితే మీకే ప్రమాదం, పండుకోండి అని బతిమాలతా నాతోపాటు పరిగెత్తినాడు. అట్లాగే ముగ్గురం పవర్‌హౌస్ దగ్గరికి చేరినాం.

హాలు బయట, గోడ నీడలో, చుట్టూ జనం. మధ్యలో కుర్చీలో మామ. చేతికి బీపీ పట్టీ, తలంతా నీళ్ళు కారతా ఉన్నాయి, మొహంలో చెప్పలేనంత విసుగు, యాష్ట. నన్ను చూడగానే మొర పెట్టుకున్నాడు.

"నిద్దరపోయినోణ్ణి ఎవరన్నా ఇట్ల సెంపలు వాయిస్తారా అల్లుడా?"

నేను ఆయన కాళ్ళ దగ్గరే కూలబడి, కట్టు తల ఆయన మోకాళ్ళకు ఆనించి, ఏడ్చేసినాను. బీపీ నా కన్నా ఆయనకే బాగుందని తర్వాత తేలింది, నాకు కూడా చూసినారు లెండి. సుజాత నా వెనకొచ్చి నిలబడి, నా తల మీద కట్టు విప్పింది. తిట్టలేదు. ఆమె కూడా అంతకుముందు ఏడ్చినట్టు కళ్ళు చెప్తున్నాయి.

అప్పుడు బయటపడింది అంతా. అక్కడి పెద్దాఫీసరు మా కథ విని కుర్చీ పట్టుకుని నవ్వినాడు. ఆ ఖాళీ గేటు దగ్గర బోర్డు మీద, డ్రిల్లు వల్ల ఈరోజు సందర్శకులకు ప్రవేశం లేదని రాసుందంట. అంటే నేను కరెక్టు గేటు దగ్గరికి పోయుంటే మామ అట్లాగే వెనక్కి తిరిగుండాల్సిందే. ఈ మాట వినగానే నా పొగరు సగం తిరిగొచ్చింది. చూసినావా అన్నట్టు సుజాత వైపు తిరిగినాను. ఆమె చూపు చూసి ఆ సగాన్ని మళ్ళీ లోపలికి పంపేసినాను.

సార్, మరి నేను కూడా ఒక్క నిమిషం లోపలికి పోయి చూసొస్తాను అని ఆఫీసరుని అడిగినాను. ఆయన తలుపు వైపు చూపించినాడు. డ్రిల్లు అయిపోయింది, తాళం పడింది. సందర్శకులకు ఈరోజు ప్రవేశం లేదు. రూల్సు రూల్సే, మీరు ఏమీ అనుకోవద్దండీ అన్నాడు పాపం, నవ్వు ఆపుకుంటా.

తిరుగు దారి పట్టినాం. మామ వెనక సీట్లో కిటికీ దగ్గర కూర్చుని, రోడ్డు పక్కన పెద్ద పెద్ద టవర్లు పోతా ఉంటే వాటి తీగలనే చూస్తా ఉన్నాడు. ఒంట్లో ఎట్లుందని అడిగింది సుజాత. బాగుందన్నాడు. మిషన్ ఎట్లుండింది అని అడిగినాను నేను, చూడనోడి ఏడుపు నాది. ఆయన తీగల మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పినాడు.

"ఉద్యోగం సేసినన్నాళ్ళూ కరెంటుకి భయపడతానే ఉన్నా అల్లుడా. స్తంభమెక్కిన పతిసారీ, ఈ పొద్దు నన్ను పట్టుకుంటుందేమో అని. నాతో ఎక్కినోళ్ళు ఇద్దురు దిగలా. ఈ పొద్దు దాని పక్కన పండుకుంటే, నేల కింద అట్ల జోల పాడినట్టు ఉండె. ఎప్పుడు నిద్దరబట్టిందో నాకే తెలీలా."

సుజాత వెనక్కి చెయ్యి చాపి ఆయన చెయ్యి పట్టుకుంది. నేను రోడ్డు చూసుకుంటా నడిపినాను. ఆ మాటకు ఎర్ర చీటీ, కట్టు, కాలిన కాళ్ళు, అన్నీ మర్చిపోయినాను. నిజంగా సంతోషమేసింది.

అట్లాగే వదిలేసుంటే ఎంత బాగుండు. ఏదో ఊళ్ళో టీకి ఆపినాం. మామ గ్లాసు పట్టుకుని నా పక్కకొచ్చి, ఎవరికీ వినపడకుండా, ఒక మంచి వార్త చెప్పినాడు. ఏటేటా ఈ డ్రిల్లు పెడతారంట. ఆయన ఆఫీసరుతో మాట్లాడి వచ్చే ఏటికి మా పేర్లు ఇప్పుడే చెప్పేసినాడంట. నేను పాపం పైకప్పు తప్ప ఏమీ చూడలేదని ఆయన మనసుకు కష్టంగా ఉందంట. అందుకని ఎర్ర చీటీ వద్దని, ఆ మిషన్ పక్కన చాప మీద నన్ను శవంగా పడుకోబెట్టమని గట్టిగా రికమెండ్ చేసినాడంట.

"ఒక్కరికే సోటుండాది అన్న్యారు. నేను సూసేసినా గదా అల్లుడా, నా సోటు నీకిచ్చేసినా," అన్నాడు, నా భుజం తట్టి. ఏ మామ తన అల్లుడికి ఇంత ప్రేమగా ఇట్లాంటి చోటు రిజర్వు చేస్తాడో చెప్పండి. థాంక్స్ మామా అన్నాను. ఇంకేమనేది?